ముందు బయాప్సీ, తర్వాతే స్టెరాయిడ్: మెదడు లింఫోమాపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో రోగుల బంధువులు కొందరున్నారు, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన డాక్టర్లు కొందరున్నారు. ఇద్దరికీ ఒకే ప్రసంగం సరిపోతుందా అని నాకూ అనుమానమే. అయితే ఈ జబ్బు విషయంలో ఇద్దరూ వినాల్సిన ముఖ్యమైన మాట ఒక్కటే కాబట్టి ధైర్యం చేస్తున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తాను. మెదడులో గడ్డ కనబడింది, అది లింఫోమా కావచ్చని అనుమానం వచ్చింది అనుకోండి. ప్రాణం మీదకు వస్తే తప్ప, బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, అయ్యేదాకా స్టెరాయిడ్ ఇవ్వకండి, ఇవ్వనివ్వకండి. ఎందుకో తర్వాత వివరంగా చెబుతాను.

ముందు జబ్బేమిటో చూద్దాం. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్ లింఫోమా. మామూలుగా ఇది మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్లలు కట్టి బయటపడుతుంది. మనం ఇవాళ మాట్లాడుకునే రకం అలా కాదు. మెదడు, వెన్నుపాము, వాటిని కప్పే పొరలు, కంటి లోపలి భాగం, వీటికే పరిమితమవుతుంది. ఒంట్లో మరెక్కడా కనబడదు. దీన్ని ప్రైమరీ సి.ఎన్.ఎస్. లింఫోమా అంటారు. సి.ఎన్.ఎస్. అంటే కేంద్ర నాడీ వ్యవస్థ. మెదడులోనే పుట్టే గడ్డలన్నిటిలో ఇది 2 నుంచి 4 శాతం మాత్రమే. అంటే మామూలు ప్రాక్టీసు చేసే డాక్టరు తన జీవితకాలంలో ఒకటో రెండో చూడవచ్చు, అసలు చూడకపోనూవచ్చు.

1929లో పెర్సివల్ బెయిలీ దీన్ని వర్ణించినప్పుడు రక్తనాళాల చుట్టూ ఉండే కణాల నుంచి పుట్టిన సార్కోమా అనుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. మైక్రోస్కోపులో చూస్తే ఈ కణాలు నిజంగానే రక్తనాళాలను చుట్టుకుని ఉంటాయి. తర్వాత కూడా చాలాకాలం రకరకాల పేర్లతో పిలిచారు. కణాల మీది గుర్తులను రంగు వేసి చూడగలిగే పరీక్షలు వచ్చాకే ఇవి లింఫోసైట్లని, అందులోనూ బి రకం లింఫోసైట్లని తేలింది. 90 శాతానికి పైగా రోగుల్లో ఇది డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా. పేరు పొడుగ్గా ఉంది కానీ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది దాని స్వభావం. చాలా వేగంగా పెరుగుతుంది, మందుకు చాలా బాగా లొంగుతుంది. ఈ రెండూ ఒకే జబ్బు లక్షణాలు కావడమే దీనిలోని విచిత్రం.

ఎవరికి వస్తుంది? ఎక్కువగా 60 దాటినవాళ్లకు, రోగనిరోధక శక్తిలో ఏ లోపమూ లేనివాళ్లకు. రెండో గుంపు హెచ్.ఐ.వి. బాగా ముదిరినవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు. వీళ్లలో ఎప్స్టీన్-బార్ వైరస్ పాత్ర ఎక్కువ. ఎయిడ్స్ విజృంభించిన రోజుల్లో ఈ జబ్బు బాగా పెరిగింది. 1996 తర్వాత హెచ్.ఐ.వి.కి మందుల కలయికతో చికిత్స అందుబాటులోకి రావడంతో ఆ గుంపులో బాగా తగ్గింది.

లక్షణాల గురించి ఇంట్లోవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. మెదడులో గడ్డ అనగానే మనకు తలనొప్పి, వాంతులు, ఫిట్స్ గుర్తొస్తాయి. ఈ జబ్బులో ఫిట్స్ తక్కువ. ఎందుకంటే గడ్డ సాధారణంగా మెదడు పైపొరలో కాకుండా లోతుగా, నీటి గదుల పక్కన ఉంటుంది. దాంతో మొదట మారేది మనిషి తీరు. చురుగ్గా ఉండే మనిషి మాట తగ్గించేస్తాడు. లెక్కలు తప్పుతాడు. అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తాడు. దేనిమీదా ఆసక్తి చూపడు. ఇంట్లోవాళ్లు వయసు అనుకుంటారు, డాక్టరు డిప్రెషన్ అనుకుంటాడు. తర్వాత ఒక చేయి, ఒక కాలు బలహీనపడటమో, మాట తడబడటమో, నడక తూలడమో మొదలవుతుంది. మతిమరుపు జబ్బులు ఏళ్ల తరబడి సాగుతాయి, ఇది వారాల్లో సాగుతుంది. నెల కిందట ఇంటి లెక్కలు చూసుకున్న మనిషి ఇవాళ చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడంటే, అది వయసు కాదు. స్కాన్ చేయించాలి.

కన్ను కూడా చూసుకోవాలి. ఈ రోగుల్లో సుమారు 15 నుంచి 25 శాతం మందికి కంట్లోనూ జబ్బు ఉంటుంది. కొందరికి కంట్లోనే మొదలవుతుంది. చూపు మసకబారడం, కళ్ల ముందు మచ్చలు తేలుతున్నట్టు ఉండటం, నొప్పి మాత్రం ఉండకపోవడం. యువైటిస్, అంటే కంటి లోపలి వాపు అని స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. పెద్ద వయసులో రెండు కళ్లకూ వచ్చి, ఎన్నిసార్లు మందు వేసినా తిరగబెట్టే యువైటిస్‌ను కంటి డాక్టర్లు అనుమానంగా చూడాలి.

ఇక ఎం.ఆర్.ఐ. ఈ స్లైడు చూడండి. కాంట్రాస్ట్ మందు ఎక్కించాక గడ్డ మొత్తం ఒకే తీరుగా, నిండుగా తెల్లగా వెలుగుతోంది. మధ్యలో చచ్చిన భాగం లేదు. నీటి గదిని ఆనుకుని ఉంది. పక్క స్లైడులో రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్‌ను దాటి అటూ ఇటూ పాకింది. కణాలు కిక్కిరిసి ఉండటంతో వాటి మధ్య నీటి కదలికకు చోటుండదు, అందుకే డిఫ్యూజన్ బొమ్మలో కూడా వెలుగుతుంది. మెదడులో పుట్టే మరో క్యాన్సర్ గ్లియోబ్లాస్టోమా అయితే సాధారణంగా అంచు వెలిగి మధ్య నల్లగా ఉంటుంది. ఇలా చెబితే తేలిక అనిపిస్తుంది కానీ హెచ్.ఐ.వి. రోగిలో లింఫోమా కూడా ఉంగరంలాగే కనబడవచ్చు, అప్పుడు టాక్సోప్లాస్మోసిస్ అనే పరాన్నజీవి ఇన్ఫెక్షన్‌కూ దీనికీ తేడా పట్టడం కష్టం. నరాల తీగలను కప్పే మైలిన్ పొర దెబ్బతినే జబ్బులు, సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు, క్షయ గడ్డలు కూడా ఒక్కోసారి ఇలాగే కనబడతాయి. కాబట్టి ఎం.ఆర్.ఐ. అనుమానం పుట్టిస్తుంది, తీర్పు చెప్పదు. రేడియాలజిస్టు రిపోర్టులో చివరి వరుసలో "లింఫోమా కావచ్చు" అని రాసి ఉంటే, ఆ వరుస మొదటి వరుస కంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకంటే తర్వాతి ఇరవై నాలుగు గంటల్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో దాన్నిబట్టే ఉంటుంది.

మెదడు వాపు కనబడగానే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రాయడం డాక్టర్లకు అలవాటుగా వచ్చేస్తుంది. మిగతా గడ్డల విషయంలో అది సరైన పనే. వాపు తగ్గుతుంది, తలనొప్పి తగ్గుతుంది, సర్జరీకి సమయం దొరుకుతుంది. లింఫోమాలో స్టెరాయిడ్ వాపును తగ్గించడంతో ఆగదు, క్యాన్సర్ కణాలనే చంపేస్తుంది. లింఫోసైట్లు స్టెరాయిడ్‌కు అంత సున్నితం. ఒంట్లో మిగతాచోట్ల వచ్చే లింఫోమాల కీమోలో స్టెరాయిడ్ భాగంగా ఉండేది అందుకే. మరి కణాలు చస్తే మంచిదే కదా అంటారు. అన్నీ చస్తే మంచిదే. చావవు. కొన్ని దాక్కుంటాయి.

ఏం జరుగుతుందో వరుసగా చెబుతాను. మాట పడిపోయిన మనిషి రెండు మూడు రోజుల్లో మాట్లాడతాడు. లేచి నడుస్తాడు. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకుంటారు. మళ్లీ స్కాన్ చేస్తే గడ్డ సగమైపోయి ఉంటుంది, కొందరిలో పూర్తిగా మాయమై ఉంటుంది. దీన్నే ఘోస్ట్ ట్యూమర్ అంటారు. అప్పుడు బయాప్సీ చేస్తే సూదికి చిక్కేది చచ్చిన కణాలు, వాటిని ఏరేసే మాక్రోఫేజులు, కొన్ని టి లింఫోసైట్లు. పాథాలజిస్టు తనకు కనబడిందే రాయగలరు. "ఇన్‌ఫ్లమేషన్ ఉంది, క్యాన్సర్ కణాలు లేవు" అని రిపోర్టు వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మైలిన్ పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బని ముద్ర వేసి, దానికి కూడా స్టెరాయిడే ఇస్తారు. కొన్ని వారాలకో, నెలలకో గడ్డ తిరిగొస్తుంది, ఒక్కోసారి మెదడులో వేరేచోట. ఈలోపు పోయిన సమయం, పోయిన మెదడు శక్తి తిరిగిరావు. స్టెరాయిడ్‌కు తగ్గింది కాబట్టి లింఫోమాయే అని తేల్చేయడానికీ లేదు. సార్కాయిడోసిస్ తగ్గుతుంది, మైలిన్ జబ్బులు తగ్గుతాయి. తగ్గడం రోగనిర్ధారణ కాదు.

ఇక్కడ రెండు సవరణలు చెప్పాలి, లేకపోతే నేను చెప్పింది మూఢనమ్మకంగా మారుతుంది. మెదడు ఒత్తిడి పెరిగి, స్పృహ తప్పుతూ, కంటిపాప పెద్దదవుతున్న రోగికి స్టెరాయిడ్ ఇవ్వాల్సిందే. మనిషి దక్కితేనే బయాప్సీ. ఇచ్చి, వీలైనంత త్వరగా సర్జన్‌ను పిలవండి. రెండోది, ఇప్పటికే స్టెరాయిడ్ ఇచ్చేసి ఉంటే అంతా పోయిందనుకోవద్దు. మళ్లీ ఎం.ఆర్.ఐ. చేయండి. వెలిగే గడ్డ ఇంకా ఉంటే బయాప్సీ చేయవచ్చు, చాలాసార్లు ఫలితం వస్తుంది. పూర్తిగా మాయమైతే మందు నెమ్మదిగా తగ్గించి ఆపి, తరచుగా స్కాన్ చేస్తూ, గడ్డ తిరిగి కనబడిన వెంటనే బయాప్సీ చేయాలి. ఆ ఎదురుచూపు కుటుంబానికి చాలా టెన్షన్. అందుకే ముందే ఆగడం మేలని ఇంతగా చెబుతున్నాను.

బంధువులకు ఒక మాట. డాక్టరును అడగడం అగౌరవం కాదు. "ఇది లింఫోమా కావచ్చా? బయాప్సీ దాకా స్టెరాయిడ్ ఆపవచ్చా?" అని అడగండి. అలాగే రోగి ఆయాసానికో, నడుంనొప్పికో ఈమధ్య ఏవైనా మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే ఆ చీటీలన్నీ తెచ్చి చూపించండి. వాటిలో స్టెరాయిడ్ ఉండవచ్చు.

బయాప్సీ అంటే పుర్రె తెరిచి గడ్డ తీసేయడం కాదు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, స్కాన్ కొలతల ఆధారంగా సన్నటి సూదిని గడ్డలోకి పంపి ముక్కలు తీస్తారు. "ఎలాగూ తెరుస్తున్నారు, మొత్తం తీసేయొచ్చుగా" అని చాలామంది అడుగుతారు. స్కాన్‌లో కనబడే గడ్డ ఈ జబ్బులో కొంత భాగమే. నీళ్లలో పడ్డ సిరాలా కణాలు మామూలుగా కనబడే మెదడులోకి కూడా వ్యాపించి ఉంటాయి. పైగా గడ్డ లోతులో ఉంటుంది, తీయబోతే మాటో నడకో పోవచ్చు. పైపైనే ఒకే గడ్డ ఉన్నవాళ్లలో తీయడం వల్ల కొంత లాభం ఉందేమోనన్న చర్చ 2012 నుంచి నడుస్తోంది. దాని కోసం కీమోను ఆలస్యం చేయడం మాత్రం తప్పు.

కొందరికి మెదడులోకి సూది అక్కర్లేకుండానే తేలుతుంది. వెన్నులోంచి తీసిన నీటిలో క్యాన్సర్ కణాలు దొరికితేనో, కంట్లోని జెల్లీ తీసి పరీక్షిస్తే దొరికితేనో చాలు. ఆ నీటిలో ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండటం, ఎం.వై.డి.88 అనే జన్యువులో ఒక ప్రత్యేకమైన మార్పు కనబడటం ఇప్పుడు మంచి ఆధారాలుగా పనికొస్తున్నాయి. గడ్డ వల్ల మెదడులో ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు వెన్నునీరు తీయడం ప్రమాదం, ముందు స్కాన్ చూసుకోవాలి.

మిగతా పరీక్షలు త్వరగా చెప్పేస్తాను. ఒంట్లో ఇంకెక్కడా లింఫోమా లేదని తేల్చుకోవడానికి పెట్ స్కాన్, అవసరమైతే ఎముక మూలుగ పరీక్ష, మగవాళ్లలో వృషణాల అల్ట్రాసౌండ్. కంటి పరీక్ష అందరికీ. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరి. చికిత్సలో బి లింఫోసైట్లను చంపే రిటుక్సిమాబ్ అనే మందు ఇస్తే అణగి ఉన్న హెపటైటిస్ బి లేస్తుంది, దానికి ముందే మందు మొదలుపెట్టాలి. కిడ్నీల పనితీరు ఎందుకు చూస్తామో ముఖ్యమైన కీమో మందు మెథోట్రెక్సేట్ దగ్గర చెబుతాను. ఇవన్నీ చేస్తూ వారాలు గడపకూడదు. ఈ జబ్బుకు అంత ఓపిక లేదు.

చికిత్స చరిత్ర తెలిస్తే నేటి పద్ధతి అర్థమవుతుంది. మొదట్లో తల మొత్తానికి రేడియేషన్ ఇచ్చేవారు. గడ్డ కరిగేది, సంవత్సరం తిరక్కుండా తిరిగొచ్చేది. రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన పెద్ద పరిశీలనల్లో సగం మంది ఏడాది అటూ ఇటూగా మాత్రమే బతికారు. తర్వాత ఒంట్లోని లింఫోమాకు బాగా పనిచేసే చాప్ అనే మందుల కలయికతో కీమో ప్రయత్నించారు. ఫలించలేదు. రక్తంలోని పదార్థాలను మెదడులోకి ఇష్టమొచ్చినట్టు పోనివ్వని అడ్డుగోడ ఒకటుంది. చాప్‌లోని ముఖ్యమైన మందులు దాన్ని సరిగా దాటలేవు. దాటగలిగే మందు మెథోట్రెక్సేట్, అదీ చాలా ఎక్కువ మోతాదులో వేగంగా ఎక్కిస్తేనే.

ఎంత ఎక్కువ? కీళ్లవాతానికి ఇదే మందును వారానికి 15 మిల్లీగ్రాములు, 20 మిల్లీగ్రాములు మాత్రగా ఇస్తారు. ఇక్కడ శరీర వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు కనీసం 3 గ్రాములు. అంటే మామూలు పెద్దమనిషికి ఒక్క విడతలో 5, 6 గ్రాములు. కొన్ని వందల రెట్లు. ఆ మోతాదును అలాగే వదిలేస్తే మనిషి బతకడు. అందుకే మందు మొదలైన 24 గంటలకు లుకోవోరిన్ అనే విరుగుడు మొదలుపెడతాం. అది మామూలు కణాలను కాపాడుతుంది. దానికి ముందు నుంచే సెలైన్ ధారాళంగా ఎక్కిస్తాం, మూత్రం పి.హెచ్. 7 పైన ఉండేలా సోడియం బైకార్బనేట్ ఇస్తాం. మూత్రం ఆమ్లంగా ఉంటే మందు కిడ్నీలో స్ఫటికాలు కట్టి, తన దారిని తనే మూసేసుకుంటుంది. రోజూ రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలుస్తాం. చాలాచోట్ల లీటరుకు 0.1 మైక్రోమోల్ కంటే దిగేదాకా ఇంటికి పంపరు.

ఈ వార్డులో నర్సులు గంటగంటకూ మూత్రం కొలుస్తూ, కాగితం ముక్క ముంచి చూస్తూ ఉంటే విసుక్కోకండి. చికిత్సలో అది సగం. నొప్పి అని మీ జేబులోని ఐబుప్రోఫెన్ వేయకండి. గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్ రకం, యాంటీబయాటిక్స్‌లో కోట్రైమాక్సజోల్, పెన్సిలిన్ రకాలు మందు బయటకు పోకుండా అడ్డుకుంటాయి. ఊపిరితిత్తుల చుట్టూనో పొట్టలోనో నీరు చేరి ఉన్నా మందు అందులో దాక్కుని రోజుల తరబడి కారుతుంది. కిడ్నీ దెబ్బతిని మందు నిలిచిపోతే దాన్ని విరగ్గొట్టే గ్లూకార్పిడేజ్ అనే ఎంజైము ఉంది, అమెరికాలో 2012లో అనుమతి పొందింది. అది దొరకని చోటే ఎక్కువ కాబట్టి జాగ్రత్తే మేలు.

మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలదని 2009లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. 79 మంది రోగుల పరిశీలనలో అది ఒక్కటే ఇచ్చినవాళ్లలో 18 శాతం మందికి గడ్డ పూర్తిగా మాయమైతే, సైటరబిన్ అనే మరో కీమో మందు కలిపి ఇచ్చినవాళ్లలో 46 శాతం మందికి మాయమైంది. ఆ బృందమే 2016లో రిటుక్సిమాబ్, థయోటెపా అనే కీమో మందు కూడా చేర్చి మేట్రిక్స్ అనే నాలుగు మందుల కలయికను పరీక్షించింది. ఏడేళ్ల తర్వాత చూస్తే ఆ నాలుగూ తీసుకున్నవాళ్లలో 56 శాతం మంది బతికి ఉన్నారు, మొదటి రెండు మందులే తీసుకున్నవాళ్లలో 21 శాతం. ఇది 70 లోపువాళ్ల లెక్క. మేట్రిక్స్ బరువైన చికిత్స, తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఇన్ఫెక్షన్లు ప్రాణం తీయగలవు. అందరికీ అదే అనడం నాకు నచ్చదు. ప్రొకార్బజైన్, విన్‌క్రిస్టిన్ అనే వేరే కీమో మందులు కలిపే పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. రిటుక్సిమాబ్ వల్ల లాభం ఎంతన్న దానిమీద కూడా ఏకాభిప్రాయం లేదు. 2019లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో స్పష్టమైన లాభం కనబడలేదు.

గడ్డ మాయమయ్యాక ఆపేస్తే చాలామందిలో తిరిగొస్తుంది. కాబట్టి రెండో దశ కావాలి. ఒకప్పుడు అది తల మొత్తానికి రేడియేషన్. దాని మూల్యం ఏడాది, రెండేళ్ల తర్వాత తెలిసేది. జ్ఞాపకశక్తి పోవడం, నడక చెడటం, మూత్రం ఆపుకోలేకపోవడం. 60 దాటినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. జబ్బు నయమైంది, మనిషి మాత్రం మనకు మిగల్లేదు అని బంధువులు అనేవారు. 2010లో 551 మందిని చేర్చుకున్న జర్మన్ పరిశీలనలో రేడియేషన్ మానేసినా బతికిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇప్పుడు తట్టుకోగలవాళ్లకు రక్తకణాలను పుట్టించే రోగి సొంత స్టెమ్ సెల్స్ తీసి దాచి, థయోటెపా ఉన్న భారీ కీమో ఇచ్చి, వాటిని తిరిగి ఎక్కించడం మొదటి ఎంపిక. 60 ఏళ్ల లోపు వారిలో జరిగిన ఒక ఫ్రెంచ్ పరిశీలనలో ఎనిమిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు స్టెమ్ సెల్ దారిలో 67 శాతం, రేడియేషన్ దారిలో 39 శాతం. అయితే మొత్తం బతికి ఉన్నవాళ్ల సంఖ్యలో పెద్ద తేడా లేదు. రేడియేషన్ తీసుకున్నవాళ్ల ఆలోచనా శక్తి తగ్గింది, అసలు తేడా అక్కడుంది. తక్కువ మోతాదు రేడియేషన్, అంటే 23.4 గ్రే, మధ్యే మార్గంగా కొన్నిచోట్ల ఇస్తున్నారు.

తిరగబెట్టినా దారులున్నాయి. మొదటిసారి బాగా పనిచేసి చాలాకాలం ఆగినవాళ్లకు మెథోట్రెక్సేట్ మళ్లీ పనిచేస్తుంది. ఇబ్రుటినిబ్, లెనలిడోమైడ్ మాత్రలు ఉన్నాయి. ఇబ్రుటినిబ్ కోవకే చెందిన టిరాబ్రుటినిబ్‌ను జపాన్ 2020లో ఈ జబ్బుకే అనుమతించింది. రోగి సొంత టి లింఫోసైట్లను క్యాన్సర్‌ను చంపేలా మార్చి ఎక్కించే కార్-టి కణాల చికిత్స కూడా కొందరిలో ఫలిస్తోంది.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: ఇది రోగి నుంచి పిల్లలకు వస్తుందా? వంశపారంపర్యమా?

కాదండీ. అంటుకునేదీ కాదు. పిల్లలకు ముందుజాగ్రత్తగా స్కాన్లు అక్కర్లేదు.

ప్రశ్న: మందు పనిచేసిందని ఎప్పుడు అనుకోవాలి?

సాధారణంగా రెండు విడతల తర్వాత ఎం.ఆర్.ఐ. చూస్తాం. పూర్తిగా తగ్గింది అనాలంటే స్కాన్‌లో వెలిగే భాగం ఉండకూడదు, కంట్లో, వెన్నునీటిలో జబ్బు ఉండకూడదు, రోగి స్టెరాయిడ్ మీద ఉండకూడదు. తర్వాత మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఆపైన ఆరు నెలలకోసారి స్కాన్. అయిదేళ్లు దాటాక కూడా వచ్చిన సందర్భాలున్నాయి, అందుకే తర్వాత కూడా ఏడాదికోసారి చూస్తాం.

ప్రశ్న: సార్, మా దగ్గర 76 ఏళ్ల రోగి ఉన్నారు, క్రియాటినిన్ 1.6. మెథోట్రెక్సేట్ మానేయాలా?

వయసు చూసి మానేయకండి. క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా శుభ్రం చేస్తున్నాయో, లెక్కకట్టండి. పెద్దవాళ్లలో క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. క్లియరెన్స్ తగ్గినకొద్దీ మోతాదు తగ్గించి ఇవ్వవచ్చు, 30 కంటే తక్కువైతే మానుకోవాలి. అప్పుడు టెమోజోలోమైడ్ అనే కీమో మాత్ర, రిటుక్సిమాబ్, అవసరమైతే రేడియేషన్. గడ్డ వల్ల మంచాన పడిన మనిషి ఒకటి రెండు విడతల తర్వాత లేచి నడవడం ఈ జబ్బులో అరుదు కాదు, కాబట్టి ఇవాళ్టి స్థితి చూసి చేతులెత్తేయొద్దు. బయాప్సీ అయిందా? అయిందంటున్నారు, మంచిది. క్లియరెన్స్ ఎంతొచ్చింది, గుండె ఎలా ఉంది, ఊపిరితిత్తుల చుట్టూ నీరేమైనా ఉందా, ఆ కాగితాలు తీసుకుని విరామంలో నా దగ్గరికి రండి, కూర్చుని చూద్దాం.